స్ప్లింటర్ సెల్ రీమేక్ అంత కష్టంగా ఉంటుందా? ఇప్పటి నుంచే ఏం నేర్చుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: చీకట్లో దాక్కుంటూ సాగే గూఢచారి ఆట స్ప్లింటర్ సెల్‌కి రీమేక్ (పాత ఆటను కొత్తగా మళ్లీ చేయడం) వస్తోందని ఎదురుచూస్తున్నారు. ఆ ఊపులో 2002 నాటి పాత ఆట మొదలుపెట్టి, రక్షణ శాఖ భవనం మిషన్‌లో పదే పదే దొరికిపోయి, ఊరికే అలారం మోగుతోందని విసుగొచ్చి వదిలేశారు. ఇంతవరకు ఎక్కువగా ఆడింది బీజీఎంఐ, వాలరెంట్ లాంటి షూటర్లు. కొత్తది కూడా పాతదానిలా ఉంటే డబ్బులు దండగ అవుతాయని ఒక భయం. అందరికీ నచ్చాలని మరీ తేలిక చేసేస్తే ఇన్నాళ్లు ఎదురుచూసింది దేనికని ఇంకో భయం.

రెండు భయాలకీ కారణాలున్నాయి. కానీ నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. స్టెల్త్ ఆటలో, అంటే ఎవరికీ కనపడకుండా దాక్కుని వెళ్లే ఆటలో, కష్టమంతా గార్డు చూపు ఎంత దూరం ఆనుతుందన్న దాంట్లో ఉండదు. వాడు మిమ్మల్ని ఎందుకు చూశాడో మీకు అర్థమైందా, చూశాక మీరు చేయడానికి ఇంకేమైనా మిగిలిందా, ఈ రెండిట్లోనే ఉంటుంది. ఇవి సరిగ్గా కుదిరితే ఎంత కఠినమైన ఆటైనా పట్టుబట్టి ఆడతాం. కుదరకపోతే తేలికైన ఆట కూడా చిరాకు పుట్టిస్తుంది. రీమేక్ విషయంలో నేను చూసేది కూడా ఇదే.

ముందు ఖాయంగా తెలిసినవి. 2021 డిసెంబరులో ఈ ఆటల కంపెనీ యూబీసాఫ్ట్ దీన్ని ప్రకటించింది. 2013లో ఇదే సిరీస్‌లో బ్లాక్‌లిస్ట్ చేసిన టొరంటో స్టూడియోకే పని అప్పగించారు. స్నోడ్రాప్ ఇంజిన్ (ఆట తయారుచేసే సాఫ్ట్‌వేర్) మీద మొదటి నుంచి కడుతున్నారు. ఓపెన్ వరల్డ్ (ఎటంటే అటు తిరిగే పెద్ద ప్రపంచం) కాదని, పాత ఆటల్లాగే ఒకదాని తర్వాత ఒకటిగా మిషన్లు ఉంటాయని అప్పుడే స్పష్టంగా చెప్పారు. 2022లో మొదటి ఆటకి 20 ఏళ్లు నిండినప్పుడు కొన్ని కాన్సెప్ట్ బొమ్మలు చూపించారు. విడుదల తేదీ మాత్రం ఇవ్వలేదు. కాబట్టి అది చాలా కష్టమట, లేదా చాలా ఈజీ అట అని ఎవరు చెప్పినా ప్రస్తుతానికి ఊహే.

ఆ ప్రకటనలోనే ఒక మాట పాత అభిమానులకి టెన్షన్ తెచ్చిపెట్టింది. గ్రాఫిక్స్‌తో పాటు డిజైన్‌లో కొన్ని విషయాలను కూడా ఇప్పటి ఆటగాళ్ల సౌకర్యానికి, అంచనాలకు తగ్గట్టు మారుస్తామని అన్నారు. సౌకర్యం అన్న మాట వినపడగానే చాలామంది ఆట పోయిందనే అనుకున్నారు. నేను అలా అనుకోవడం లేదు. పాత ఆటలో మార్చి తీరాల్సినవి నిజంగానే ఉన్నాయి. మీరు ఆగిపోయిన మిషన్‌లోనే వాటిలో సగం కనిపిస్తాయి.

ఆ మిషన్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. జార్జియా రాజధాని టిబిలిసీలో రక్షణ శాఖ భవనం. గాజు లిఫ్టులో ఇద్దరు మాట్లాడుకుంటూ వెళ్తుంటే బయటి నుంచి లేజర్ మైక్ వాళ్ల మీద నిలిపి మాటలు పట్టాలి. ఒక కల్నల్‌ను మెడ పట్టుకుని ఈడ్చుకెళ్లి, అతని కన్నుతో స్కానర్ తలుపు తెరిపించాలి. ఇరవై ఏళ్లు దాటినా ఈ రెండు ఘట్టాలూ నాకు ప్రాణం. ఊహలో ఎంత బాగున్నాయో చేతిలోనూ అంతే బాగుంటాయి. మిమ్మల్ని విసిగించింది ఇవి కాదు, వీటి చుట్టూ ఉన్న నియమాలు.

మొదటిది అలారం. చాలా మిషన్లలో మూడో అలారం మోగితే మిషన్ అక్కడితో సరి. కొన్నిచోట్ల ఒక్కటి కూడా మోగకూడదు. అంటే మీరు తప్పించుకుని చీకట్లో దాక్కున్నా, గార్డులు మిమ్మల్ని పోగొట్టుకున్నా, లెక్క లెక్కే. దొరికిపోయాక తప్పించుకోవడం అనేది స్టెల్త్‌లో సగం మజా. పాత ఆట దానికి చోటు చాలా తక్కువ ఇచ్చింది.

రెండోది పడగొట్టిన మనుషుల సంగతి. ఒకణ్ణి పడగొట్టి వెలుతురులో వదిలేసి ముందుకెళ్లారనుకోండి. ఆ దారిలో ఇంకో గార్డు రాకపోయినా, మీరు కొంతదూరం వెళ్లాక ఎవరో చూసినట్టే అలారం మోగుతుంది. ఈ నియమాన్ని ఆట మీకు వివరించదు. కొత్తగా ఆడేవాళ్లకి ఏం తప్పు చేశారో తెలియకుండానే శిక్ష పడుతుంది. మీరు 'ఊరికే అలారం మోగింది' అని రాసింది బహుశా ఇదే. ఇలాంటిదాన్ని కష్టం అని కూడా నేను అనను, అన్యాయం అంటాను. రీమేక్‌లో ఇది పోతే ఒక్క పాత అభిమాని కూడా బాధపడకూడదు.

మూడోది తుపాకీ. వాలరెంట్‌లో ఆగి కాల్చడం మీకు అలవాటే. ఇక్కడ ఆగిన తర్వాత కూడా గురి మెల్లగా కుదురుకుంటుంది. అప్పటిదాకా గుండు తెర మీది గురి వలయంలో ఎటైనా పోవచ్చు. నాకు ఇది ఇష్టం, ఎందుకంటే తుపాకీని ఆఖరి మార్గంగా ఉంచుతుంది. కానీ అదే ఆట కబేళా మిషన్ చివర మిమ్మల్ని బందీల కోసం నేరుగా కాల్పుల్లోకి తోస్తుంది. అన్ని గంటలు దాక్కోవడం నేర్పి, దానికి పనికిరాని చేతులతో యుద్ధం చేయమనడం అప్పట్లోనే చాలామందికి కొరుకుడు పడలేదు.

ఇంకో విషయం కూడా ఉంది, మీరు దీన్ని పట్టించుకుని ఉండరు. ఇప్పటి విండోస్ పీసీల మీద పాత ఆట పెడితే కొన్ని నీడలు, లైట్ల కిరణాలు సరిగ్గా కనిపించవు. అప్పటి గ్రాఫిక్స్ కార్డులు నీడలు గీసిన పద్ధతిని ఇప్పటివి అలాగే పాటించవు. తెర మీద చీకటిగా ఉన్నచోట లైట్ మీటర్ (మీరెంత వెలుతురులో ఉన్నారో చూపేది) వెలుతురు చూపిస్తుంది, లేదా మీకు కనిపించని లైటులో మీరు దొరికిపోతారు. 2004లో వచ్చిన ఈ సిరీస్ రెండో ఆట పండోరా టుమారోలో ఇది మరీ ఘోరం. డీజీవూడూ అనే ఉచిత టూల్‌తో అభిమానులు దీన్ని చాలావరకు సరిచేసుకున్నారు. కాబట్టి మీరు ఓడిపోయిన ప్రతిసారీ మీ ఆట బాగాలేదని అనుకోకండి.

ఇక పాత ఆటలో ఎవరూ ముట్టుకోకూడనిది లైట్ మీటర్, దాని చుట్టూ అల్లిన ఓపిక. బల్బు పగలగొడితే చీకటి మీ సొంతం, కానీ శబ్దం విని గార్డు వస్తాడు. స్విచ్ ఆపితే శబ్దం ఉండదు, కానీ లైటు ఎందుకు ఆరిందా అని అనుమానం పుడుతుంది. ఆ నిమిషంలో మీరు వేసుకునే లెక్కే ఈ ఆట. నటుడు మైఖేల్ ఐరన్‌సైడ్ గొంతులో ఆట హీరో సామ్ ఫిషర్ నెమ్మదిగా విసిరే మాటలు కూడా ఆ నింపాదితనం వల్లే పండాయి. దీన్ని తేలిక చేస్తే మాత్రం పోయేది అసలు సరుకే.

మరి కఠినంగా ఉంటూనే న్యాయంగా ఉండటం సాధ్యమా అంటే, ఈ సిరీసే 2005లో చేసి చూపించింది, కేయాస్ థియరీలో. అందులో అలారం మోగితే మిషన్ పోదు. గార్డులు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు వేసుకుంటారు, ఆపైన హెల్మెట్లు పెడతారు, జాగ్రత్త పడతారు. మీ తప్పుకి మూల్యం ఉంది, కానీ ఆట కొనసాగుతుంది. చివర్లో మీ పనితనానికి శాతంలో మార్కు పడుతుంది. వంద రావాలన్న పట్టుదల ఉన్నవాళ్లు మళ్లీ ఆడతారు. ముందు కథ చూద్దాం అనుకునేవాళ్లు 60తో బయటపడతారు. ఇద్దరూ ఒకే ఆట ఆడారు, ఎవరికీ ఏమీ తగ్గలేదు.

అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది శబ్దం మీటర్. మీరు చేసే చప్పుడుతో పాటు చుట్టూ ఎంత చప్పుడు ఉందో కూడా అది చూపిస్తుంది. మొదటి మిషన్ పెరూ తీరంలో, వర్షంలో. ఆ హోరులో కాస్త వేగంగా నడిచినా గార్డుకి వినపడదు. గుహలోకి అడుగు పెట్టగానే చుట్టుపక్కల శబ్దం గీత కిందికి దిగుతుంది. అదే నడక ఇప్పుడు మిమ్మల్ని పట్టిస్తుంది. ఇదంతా ఎవరూ పాఠంలా చెప్పరు. ఒకసారి మీటర్ చూస్తూ లోపలికీ బయటికీ తిరిగితే చేతికి అదే అలవాటవుతుంది. గార్డు ఎందుకు తిరిగాడన్న ప్రశ్నకి జవాబు ఎప్పుడూ తెర మీదే ఉంటుంది. రీమేక్ టీమ్ ఎత్తుకోవాల్సింది మొదటి ఆట కథని, ఈ మూడో ఆట బుర్రని.

మీ రెండో భయానికి వస్తే, దానికి మూలం ఇదే సిరీస్‌లో 2010లో వచ్చిన కన్విక్షన్. చేతులతో ఒకణ్ణి పడగొడితే చాలు, ముందే గుర్తు వేసి ఉంచుకున్నవాళ్లను ఒక్క బటన్‌తో వరసగా కాల్చేయొచ్చు. పడగొట్టినవాళ్లను మోసుకెళ్లి దాచడం తీసేశారు. దాక్కునేవాడు కాస్తా వేటగాడయ్యాడు. వేగం వచ్చింది, ఓపిక పోయింది. అయినా ఆ ఆటకి ఇవ్వాల్సిన గౌరవం ఒకటుంది. గార్డులు మిమ్మల్ని చివరిసారి ఎక్కడ చూశారో అక్కడ మీ ఆకారం తెల్లటి గీతగా నిలబడిపోయేది. వాళ్లు ఆ చోటికి గురిపెడుతుంటే మీరు పక్కనుంచి చుట్టి రావచ్చు. దొరికిపోయాక కూడా ఆట మిగిలి ఉండటం అంటే ఇదే. తేలిక చేసిన ఆటలో కూడా పట్టుకొచ్చుకోదగ్గ మంచి ఆలోచన ఉంటుందనడానికి ఇది సాక్ష్యం.

బ్లాక్‌లిస్ట్ మాత్రం, కన్విక్షన్‌తో దెబ్బతిన్న అభిమానుల్ని మళ్లీ దగ్గరికి తీసుకోవాలని చూసింది. ఎవరికీ కనపడకుండా వెళ్తే ఒక రకం పాయింట్లు, చాటుగా చంపితే ఒక రకం, ఎదురుపడి కాలిస్తే ఇంకో రకం. పర్ఫెక్షనిస్ట్ అనే డిఫికల్టీ (కష్టం స్థాయి) పెడితే ఆ ఒక్క బటన్ కాల్పులు ఉండవు, కళ్లద్దాలతో గోడల వెనక మనుషుల్ని చూడటమూ ఉండదు. కష్టం పెంచడమంటే శత్రువుకి ప్రాణం పెంచడం కాదని, మీ చేతిలోని సాయాన్ని తగ్గించడమని టొరంటో స్టూడియోకి తెలుసన్నమాట. వాళ్లే రీమేక్ చేస్తున్నారని విన్నప్పుడు నాకు ధైర్యం వచ్చింది అందుకే.

యూబీసాఫ్ట్ ఈమధ్య ఏ దారిలో ఉందో తెలియాలంటే రెండు ఆటలు చూడండి. 2024 ఆగస్టులో వచ్చిన స్టార్ వార్స్ అవుట్‌లాస్ కూడా స్నోడ్రాప్ మీద చేసిందే, కాకపోతే మాసివ్ స్టూడియోది. అందులో కొన్ని మిషన్లలో ఒక్కసారి కనపడితే చాలు, వెంటనే ఫెయిల్. జనం గట్టిగానే తిట్టిపోశారు. అదే ఏడాది నవంబరు అప్‌డేట్‌లో దాదాపు అన్నిచోట్లా ఆ నియమం తీసేశారు. ఇక 2025 మార్చిలో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ షాడోస్‌లో దీపాలు పగలగొట్టి చీకటి చేసుకోవచ్చు, నేల మీద పాకవచ్చు, పైగా స్టెల్త్‌కి పోరాటానికి సంబంధం లేకుండా విడిగా డిఫికల్టీ పెట్టుకోవచ్చు. ఇవన్నీ వేరే టీమ్‌లు చేసినవే అయినా ఒక కంపెనీలో ఒకరు తిన్న దెబ్బ ఇంకొకరికి తెలియకుండా పోదు. కాబట్టి మూడో అలారంతో ఆట ముగిసే పద్ధతి రీమేక్‌లో నార్మల్ మీద ఉండదని నేను గట్టిగా నమ్ముతున్నాను. పై డిఫికల్టీలో కావాలనుకున్నవాళ్ల కోసం ఉంచితే సంతోషం.

నాకు నిజంగా బెంగ ఉన్నది ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం మీద. అది వెలుతురు.

2002లో నీడల అంచులు కత్తితో కోసినట్టు ఉండేవి. కిటికీ ఊచల నీడ నేల మీద పడితే ఎక్కడ నిలబడాలో కంటికే తెలిసేది. అప్పటి యంత్రాలకి అంతకన్నా చేతకాకపోవడం ఆటకి కలిసొచ్చింది. ఇప్పటి ఇంజిన్లలో వెలుతురు నిజ జీవితంలోలా గోడల మీద, నేల మీద పడి తిరిగి గదంతా పరుచుకుంటుంది. గదిలో మూలన ఒక్క దీపం ఉన్నా పూర్తి చీకటి అనేది ఎక్కడా ఉండదు. చూడటానికి కన్నుల పండుగ. కానీ 'నేను ఇక్కడ కనిపిస్తానా?' అన్న ప్రశ్నకి కన్ను జవాబు చెప్పలేదు. లెక్కలో కాస్త తేడా ఉన్న రెండు మసక వెలుతురులు వేర్వేరు చోట్ల మనిషి కంటికి దాదాపు ఒకేలా అనిపించవచ్చు. గార్డుకి మాత్రం ఆ తేడాతోనే మీరు దొరుకుతారు.

దీనికి టీమ్ ముందున్న దారులు కొన్నే. మీటర్‌ను స్పష్టంగా పెట్టడం ఒకటి. గ్రాఫిక్స్‌లో కనిపించే వెలుతురు వేరు, గార్డులు లెక్కలోకి తీసుకునే వెలుతురు వేరుగా పెట్టి, రెండూ ఒకదానికొకటి దగ్గరగా ఉండేలా ప్రతి గదినీ చేత్తో సరిచేయడం ఇంకొకటి. రెండోది చాలా ఓపిక పని. లెవెల్ చేసేవాడు ఒక్కో దీపం దగ్గర నిలబడి చూసుకోవాలి. అది సరిగ్గా చేయకపోతే ఆట ఏ డిఫికల్టీలో పెట్టినా కష్టంగానే అనిపిస్తుంది, అదీ చెడ్డ కష్టం. ఈ ఒక్క పని కోసం ఇంకో ఏడాది ఆలస్యమైనా నేను సంతోషంగా ఎదురుచూస్తాను.

డిఫికల్టీ పేర్ల విషయంలో నా కోరిక ఒకటే. 1998లో థీఫ్ అనే స్టెల్త్ ఆట చేసినట్టు చేయాలి. అందులో ఎక్స్‌పర్ట్ పెడితే కొత్త లక్ష్యాలు వచ్చి చేరేవి, ఎవరినీ చంపకూడదన్న షరతు వచ్చేది. అదే భవనం, అవే మెట్లు, కానీ మీరు ఆలోచించే తీరే మారిపోయేది. స్టెల్త్‌కి ఇంతకన్నా మంచి డిఫికల్టీ పద్ధతి ఇప్పటికీ నాకు కనపడలేదు.

ఇప్పుడు మీరేం చేయాలి? మొదటి ఆటను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. కేయాస్ థియరీ నార్మల్ మీద మొదలుపెట్టండి. పాత ఆటైనా చేతికి ఇబ్బంది తక్కువ, పైన చెప్పిన అన్యాయాలు లేవు.

పీసీలో ఆడుతుంటే మౌస్ వీల్ గుర్తుంచుకోండి. నడక వేగం దాంతో మారుతుంది. కొత్తవాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలీదు. కీబోర్డు నొక్కితే ఒకే వేగం అనుకుని చప్పుడు చేస్తూ వెళ్లి దొరికిపోతారు. వీల్‌ను కిందికి తిప్పి అన్నిటికన్నా నెమ్మది నడక పెట్టుకుని, ఒక గార్డు వెనకాలే కొంతసేపు నడవండి. పట్టుకోవద్దు, కొట్టవద్దు. వాడు ఎక్కడ ఆగుతాడు, ఎటు తిరుగుతాడు, ఎప్పుడు నిట్టూరుస్తాడు అన్నీ చూడండి. షూటర్లలో మీకు అలవాటైంది మనిషి కనపడగానే చెయ్యి కదలడం. ఇక్కడ చెయ్యి ఆగడం నేర్చుకోవాలి. ఆ ఒక్కటి వస్తే మిగతాది వేగంగా వస్తుంది.

గదిలోకి వెళ్లగానే ముందు మనుషుల్ని కాదు, దీపాల్ని చూడండి. ఏది ఆర్పగలను, ఏది ఆర్పలేను, రెండు దీపాల మధ్య చీకటి ఎంత పొడవు ఉంది. హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. ఫ్యాన్ హోరులో స్పీకర్ల మీద ఆడితే అడుగుల చప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలియదు. రాత్రి ఆడండి, వెనకాల ట్యూబ్‌లైట్ తెర మీద పడకుండా చూసుకోండి. ఏమీ కనపడటం లేదని బ్రైట్‌నెస్ పెంచేయకండి. పెంచితే చీకటికీ మసక వెలుతురుకీ తేడా చెరిగిపోతుంది. చూడలేని చోట నైట్ విజన్ పెట్టుకోండి, అది ఉన్నది అందుకే.

దొరికిపోయిన వెంటనే లోడ్ నొక్కే అలవాటు మాత్రం మానాలి. పరిగెత్తండి, లైటు పగలగొట్టండి, మూలన కూర్చోండి, వాళ్లు ఎలా వెతుకుతారో చూడండి. గార్డుల వెతుకులాట అర్థమైతే వాళ్లంటే ఉన్న భయం పోతుంది. సేవ్ ఉంది కదా అని ప్రతి అడుగుకీ వాడితే నేర్చుకునేది ఏమీ ఉండదు. ఒక గది పూర్తయ్యాక ఒక సేవ్ చాలు.

పనామా బ్యాంకు మిషన్ దాకా వెళ్లండి. లోపలికి వెళ్లడానికి ఒకటికి మించి దారులున్నాయి. లేజర్లు, కెమెరాలు, గార్డులు అన్నీ ఒకేచోట ఉంటాయి, పైగా నిజం దొంగతనంలా కనపడేలా పని ముగించాలి. అది మీ పద్ధతిలో, చెమటలు పట్టకుండా పూర్తి చేయగలిగితే రీమేక్ ఎలా వచ్చినా మీకు ఇబ్బంది ఉండదు. ఆ తర్వాత మనసైతే మొదటి ఆటకి తిరిగి వెళ్లండి. రక్షణ శాఖ భవనం ఈసారి వేరేలా కనిపిస్తుంది.

చివరగా, గేమ్‌ప్లే వీడియో వచ్చినప్పుడు సామ్ ఎంతమందిని ఎంత స్టైల్‌గా పడగొట్టాడని చూడకండి, అది ఎవరైనా చూపిస్తారు. మూడు చోట్ల ఆపి చూడండి. మీటర్ ఉందా, ఉంటే మసక వెలుతురులో ఎలా కదులుతోంది? దీపం ఆరితే గార్డు ఏం చేస్తున్నాడు? గార్డు సామ్‌ను చూసేశాక వచ్చే అరనిమిషంలో ఏం జరుగుతోంది, తెర నల్లబడి మళ్లీ మొదలవుతోందా, సామ్ తప్పించుకుంటున్నాడా, లేక తుపాకీ తీసి అందరినీ కాల్చేస్తున్నాడా? ఆ అరనిమిషాన్ని కత్తిరించకుండా చూపించేదాకా నేను ప్రీఆర్డర్ చేయను. మీరూ చేయకండి.